ఆన్‌లైన్ సదస్సు వెబ్‌సైటుకు హోస్టింగ్ ఎక్కడ తీసుకోవాలి: తొలి ఐదు నిమిషాల లెక్కతో ఒక సమగ్ర మార్గదర్శి

ముంగారు విత్తుకు ముందు, మే నెలలో, వర్షాధార సేద్యంపై మూడు సాయంత్రాల ఆన్‌లైన్ సదస్సు జరపాలని అనంతపురంలోని ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం నిర్ణయించుకున్నదని అనుకుందాం. వక్తలలో ఒకరు హైదరాబాదు నుంచి, ఒకరు బెంగళూరు నుంచి, మరొకరు కదిరి నుంచి మాట్లాడతారు. వినేవారు కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం, ఆలూరు, పులివెందుల ప్రాంతాల పల్లెలలో, పొలం పని ముగించుకుని వచ్చి, చేతిలోని ఫోనులో చూస్తారు. వక్తలు ఖరారయ్యాక, కరపత్రం సిద్ధమయ్యాక, వెబ్‌సైటును ఎక్కడ ఉంచాలన్న, అంటే హోస్టింగ్ ఎక్కడ తీసుకోవాలన్న ప్రశ్న వస్తుంది. దీనికి సాధారణంగా వినిపించే సమాధానం, నెలకు ఇన్ని వేలమంది వచ్చినా తట్టుకుంటుందని ప్రకటించుకున్న ఏదో ఒక చవక ప్లాన్ తీసుకోమని. నెలవారీ సగటు ఒక దుకాణం వెబ్‌సైటుకు సరిపోవచ్చు. సదస్సుకు సరిపోదు, ఎందుకంటే సదస్సు వెబ్‌సైటు నెలలో అత్యధిక భాగం దాదాపు ఖాళీగా ఉండి, సాయంత్రం ఏడు గంటలకు వాట్సాప్ బృందాలన్నింటిలో లింకు పడిన క్షణాన ఒక్కసారిగా నిండుతుంది. కదిరి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం రోజున ఎన్ని బస్సులు నడపాలో ఏడాది సగటును చూసి ఎవరూ నిర్ణయించరు. ఇక్కడ కూడా లెక్క వేయవలసింది ఆ రద్దీ ఘడియనే.

ఈ వ్యాసంలోని ప్రతి అడుగూ ఆ ఘడియను దృష్టిలో పెట్టుకుని రాసినదే. సర్వర్ (వెబ్‌సైటు ఉండే కంప్యూటర్) మీద పడే భారాన్ని ముందుగా వీలైనంత తగ్గించుకోవాలి, మిగిలిన భారాన్ని కొలవాలి, ఆ కొలతకు తగిన చోటును ఆ తరువాతే వెతకాలి. చాలామంది ఈ వరుసను తిరగేసి ముందు ప్లాన్ కొంటారు, తరువాత దానిలో అన్నింటినీ ఇరికించాలని చూస్తారు.

మొదటి అడుగు: వెబ్‌సైటు చేసే పనులను విడదీయండి

ఒక కాగితం తీసుకుని మీ సదస్సు వెబ్‌సైటు చేయవలసిన పనులన్నీ రాయండి. సదస్సు గురించి, వక్తల గురించి చెప్పే పేజీలు ఉంటాయి. పేరు నమోదు చేసుకునే ఫారం ఉంటుంది. రుసుము ఉంటే చెల్లింపు ఉంటుంది. ప్రసంగాల వీడియోలు ఉంటాయి. నమోదైనవారికి ఈమెయిలో, వాట్సాప్ సందేశమో వెళ్లాలి. ఇక రుసుము కట్టినవారికి మాత్రమే తెరుచుకునే పేజీలు ఉంటే లాగిన్ అవసరమవుతుంది.

ఈ పనులలో మీ హోస్టింగ్ తప్పనిసరిగా మోయవలసినవి చాలా కొద్ది. వీడియోను యూట్యూబ్ వంటి వేదిక మోస్తుంది, చెల్లింపును రేజర్‌పే వంటి గేట్‌వే చూసుకుంటుంది, ఈమెయిళ్లను వాటి కోసమే ఉన్న సేవ పంపుతుంది, ఉచిత సదస్సుకు నమోదును ఒక గూగుల్ ఫారం కూడా నిర్వహించగలదు. మీ సర్వర్‌కు మిగిలేది పేజీలు చూపించడం, అవసరమైతే లాగిన్‌ను సరిచూడడం. చిన్న సంస్థలకు ఈ విభజన ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. సాంకేతిక నిపుణుడు అందుబాటులో లేని సంఘానికి ఇంతకంటే మంచి రక్షణ లేదు.

రెండవ అడుగు: వీడియోను మీ సర్వర్‌లో పెట్టకండి

దీనికి చిన్న లెక్క చాలు. మామూలు స్పష్టతతో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున సాగే గంట ప్రసంగం సుమారు 900 ఎంబీ అవుతుంది. దానిని 500 మంది పూర్తిగా చూస్తే మీ సర్వర్ నుంచి 450 జీబీ బయటకు వెళ్తుంది. మూడు రోజులలో తొమ్మిది ప్రసంగాలుంటే అది నాలుగు వేల జీబీ దాటుతుంది. పైగా 500 మంది ఒకేసారి చూస్తుంటే సర్వర్ నిరంతరాయంగా సెకనుకు 1,000 మెగాబిట్లు పంపవలసి ఉంటుంది, సాధారణ ప్లాన్‌కు అది శక్తికి మించిన పని. క్లౌడ్ సంస్థలు బయటకు వెళ్లే డేటాకు జీబీ లెక్కన వసూలు చేస్తాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ నెలకు ఉచితంగా ఇచ్చేది 100 జీబీ మాత్రమే.

ఉచిత సదస్సు అయితే యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాన్ని మీ పేజీలో పొదగడం సరిపోతుంది. కొత్త ఛానెల్‌లో ప్రత్యక్ష ప్రసారాన్ని మొదటిసారి ప్రారంభించడానికి అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు కాబట్టి ఆ పనిని సదస్సుకు వారం ముందే ముగించాలి. రుసుము పెట్టిన సదస్సుకు యూట్యూబ్‌లోని జాబితాలో కనిపించని వీడియో సరైన తాళం కాదు, ఎందుకంటే లింకు దొరికినవారెవరైనా దానిని చూడగలరు. అటువంటప్పుడు మీ డొమైన్ (వెబ్‌సైటు చిరునామా పేరు) మీద మాత్రమే వీడియో ఆడేలా పరిమితి పెట్టగల విమియో వంటి చెల్లింపు సేవ తీసుకోవాలి.

ఇక్కడ ఒక మాట పక్కన చెప్పాలి. సిగ్నల్ బలహీనంగా ఉండే ఊళ్ల కోసం ప్రతి ప్రసంగానికీ ఆడియో ప్రతిని కూడా సిద్ధం చేయండి. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున గంట ఆడియో 29 ఎంబీకి మించదు, వాట్సాప్‌లో పంపవచ్చు, ట్రాక్టరు మీద కూర్చుని కూడా వినవచ్చు. రైతు సదస్సులో ఇది అదనపు సౌకర్యం కాదు, సగం ప్రయోజనం ఇందులోనే ఉంది.

మూడవ అడుగు: తొలి ఐదు నిమిషాల లెక్క వేయండి

హోస్టింగ్ ఎంపికలో అసలైన భాగం ఇదే గనుక నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

మీ వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైటు తయారీ సాఫ్ట్‌వేరుతో తయారైందనుకుందాం. ఎవరైనా ఒక పేజీ అడిగినప్పుడు సర్వర్‌లోని పీహెచ్‌పీ ప్రోగ్రాం డేటాబేసును సంప్రదించి ఆ పేజీని అప్పటికప్పుడు తయారుచేస్తుంది. ఈ పని చేసే ప్రక్రియలను పీహెచ్‌పీ వర్కర్లు అంటారు. ఒక వర్కర్ ఒక సమయంలో ఒక్క పేజీనే తయారుచేయగలదు. మీ ప్లాన్‌లో నాలుగు వర్కర్లు ఉండి, ఒక్కో పేజీకి అర సెకను పడుతుంటే సర్వర్ సెకనుకు ఎనిమిది పేజీలు ఇవ్వగలదు.

నమోదు చేసుకున్న వెయ్యిమంది తొలి ఐదు నిమిషాలలో వచ్చారనుకుందాం. ఒక్కొక్కరూ ముఖపుట, లాగిన్, ప్రసంగం పేజీ కలిపి మూడు పేజీలు అడుగుతారు. అంటే 300 సెకన్లలో 3,000 పేజీలు, సెకనుకు పది. సర్వర్ ఇవ్వగలిగింది ఎనిమిది. సెకనుకు రెండు చొప్పున వరుస పెరుగుతూ ఐదవ నిమిషం చివరికి 600 పేజీలు వేచి ఉంటాయి. వరుసలో చివర ఉన్నవారు 75 సెకన్లు ఆగాలి. అంతసేపు తెల్లని తెర ముందు ఎవరూ కూర్చోరు. పేజీని మళ్లీ లాగుతారు, అది కొత్త అభ్యర్థనగా వరుసలో చేరుతుంది, వరుస మరింత పొడవవుతుంది. నిజానికి జనం ఐదు నిమిషాలలో సమానంగా రారు. అందులో సగం మంది మొదటి నిమిషంలోనే వస్తే అవసరం సెకనుకు 25 పేజీలకు చేరుతుంది. సదస్సు వెబ్‌సైట్లు ప్రారంభ సమయానికే ఎందుకు కూలుతాయో ఈ లెక్కలోనే ఉంది.

ఇప్పుడు ఇదే లెక్కను క్యాషింగ్‌తో వేసి చూడండి. ఒకసారి తయారైన పేజీని దాచి ఉంచి, తరువాత వచ్చినవారందరికీ ఆ ప్రతినే ఇవ్వడాన్ని క్యాషింగ్ అంటారు. అలా ఇచ్చే పేజీకి పీహెచ్‌పీ వర్కర్ అవసరమే ఉండదు. లాగిన్ లేకుండా ముఖపుట, ప్రసంగం పేజీ రెండూ దాచిన ప్రతుల నుంచి వెళ్తే అదే నాలుగు వర్కర్ల ప్లాన్ వెయ్యిమందిని ఇబ్బంది లేకుండా మోస్తుంది. కానీ లాగిన్ అయిన వ్యక్తికి చాలా వెబ్‌సైట్లలో దాచిన పేజీ ఇవ్వరు, ఎందుకంటే ఆ పేజీలో అతని పేరు, అతని అనుమతులు ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో అమ్మకాలకు వాడే వూకామర్స్ పెట్టుకుంటే బుట్ట, చెల్లింపు పేజీలు కూడా క్యాషింగ్‌కు దొరకవు. అందువల్ల సదస్సుకు లాగిన్ పెట్టాలా వద్దా అన్నది రూపకల్పనకు సంబంధించిన విషయంగా పైకి కనిపించినా, హోస్టింగ్ ఖర్చును నిర్ణయించేది అదే.

మీ అంచనాను మీరే వేసుకోండి. నమోదైన వారిలో ప్రత్యక్షంగా వచ్చేవారు ఎందరో ముందుగా కచ్చితంగా తెలియదు కాబట్టి అందరూ వస్తారనే లెక్కించడం మంచిది. వారిలో సగం మంది మొదటి నిమిషంలో వస్తారని పట్టుకుని, క్యాషింగ్‌కు దొరకని పేజీలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, సెకనుకు ఎన్ని కావాలో రాయండి. హోస్టింగ్ సంస్థతో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండవలసిన అంకె అది.

నాలుగవ అడుగు: మూడు దారులలో ఒకటి ఎంచుకోండి

రుసుము లేదు, లాగిన్ లేదు అంటే మీకు సర్వరే అవసరం లేదని నా దృఢమైన అభిప్రాయం. పేజీలను స్థిరమైన ఫైళ్లుగా, అంటే ఎవరు అడిగినా ఉన్నది ఉన్నట్టు ఇచ్చేవిగా, ముందే తయారుచేసి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటి సేవలో ఉంచితే, ప్రపంచంలోని అనేక నగరాలలో ఉన్న వారి సర్వర్ల నుంచి అవి నేరుగా చదువరికి చేరతాయి. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత ప్లాన్‌లో స్థిరమైన ఫైళ్లకు డేటా పరిమితి లేదు. గిట్‌హబ్ పేజెస్ కూడా ఇదే తరహాది గాని, దానికి నెలకు 100 జీబీ మృదు పరిమితి (దాటిన వెంటనే ఆపివేయనిది) ఉంది, అమ్మకాల వెబ్‌సైట్లకు దానిని వాడకూడదన్న నియమమూ ఉంది. నమోదుకు ఫారం, వీడియోకు యూట్యూబ్, గుర్తుచేయడానికి వాట్సాప్ సరిపోతాయి. డేటాబేసే లేదు కాబట్టి అది కూలే ప్రసక్తి లేదు. వర్డ్‌ప్రెస్ అలవాటైన వారికి ఈ దారి మొదట వింతగా తోచవచ్చు, కానీ మూడు రోజుల సదస్సుకు ఐదారు పేజీలే ఉంటాయి. జేఎన్‌టీయూలోనో, ట్రిపుల్ ఐటీడీఎం కర్నూలులోనో చదివే విద్యార్థి ఎవరైనా వాటిని తయారుచేసి పెట్టగలరు.

రుసుము, లాగిన్, ఆ తరువాత కొన్ని వారాలపాటు వీడియోలు చూసే అవకాశం ఉన్న సదస్సుకు రెండవ దారి పట్టాలి. అందరితో పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌ను ఇటువంటి సదస్సుకు నేను సిఫారసు చేయను. అదే సర్వర్‌లో వందలాది వెబ్‌సైట్లు ఉంటాయి, ఒక్కొక్క ఖాతాకూ ఏకకాలంలో నడిచే ప్రక్రియలపై కఠినమైన పరిమితి ఉంటుంది, దానిని దాటిన క్షణాన సందర్శకులకు 508 అన్న దోషం కనిపిస్తుంది. దీనికి బదులు వర్డ్‌ప్రెస్ కోసమే నిర్వహించే మేనేజ్డ్ హోస్టింగ్ గాని, విడిగా మీకే కేటాయించిన వీపీఎస్ (వర్చువల్ ప్రైవేట్ సర్వర్) గాని తీసుకోండి. సర్వర్ నిర్వహణ తెలిసిన మనిషి మీ బృందంలో ఉంటే వీపీఎస్ చవకగానూ, వెసులుబాటుగానూ ఉంటుంది. అటువంటి మనిషి లేకపోతే వీపీఎస్ జోలికి వెళ్లవద్దు. భద్రతా నవీకరణలు, డేటాబేసు అమరికలు, బ్యాకప్‌లు అన్నీ మీ మీదే పడతాయి. సదస్సు మధ్యలో వాటిని నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు.

వీపీఎస్‌కు ఉన్న గొప్ప సౌలభ్యం గంటల లెక్కన చెల్లించడం. డిజిటల్ ఓషన్ వంటి చోట ప్రాసెసర్‌ను, మెమరీని మాత్రమే పెంచి డిస్కును అలాగే ఉంచితే, సదస్సు ముగిశాక తిరిగి చిన్న పరిమాణానికి దిగవచ్చు. డిస్కును పెంచితే మాత్రం వెనక్కి రాలేరు. పరిమాణం మార్చేటప్పుడు సర్వర్‌ను కాసేపు ఆపవలసి ఉంటుంది గనుక ఆ పనిని సదస్సుకు రెండు రోజుల ముందు, తెల్లవారుజామున చేయండి.

మూడవ దారి సదస్సుల కోసమే తయారైన సిద్ధవేదికలు, లేదా విక్స్ వంటి వెబ్‌సైటు తయారీ సేవలు. హోస్టింగ్ బాధ్యత పూర్తిగా వారిదే. కానీ విక్స్‌లో కట్టిన వెబ్‌సైటును మరొక చోటికి ఎత్తుకుపోలేరు. ఏటా సదస్సు జరపాలనుకునే సంస్థ ఈ సంగతి తెలిసే అందులోకి వెళ్లాలి.

కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలలోని యంత్రాన్నే సర్వర్‌గా వాడుకుందామన్న ఆలోచన అప్పుడప్పుడు వినిపిస్తుంది. మే నెల ఎండలో, కరెంటు కోతల మధ్య, ఒకే ఇంటర్నెట్ లైను మీద ఆధారపడి ఆ సాహసం చేయకండి.

ఐదవ అడుగు: సర్వర్ ఏ నగరంలో ఉండాలో చూడండి

అమెజాన్ వెబ్ సర్వీసెస్‌కు 2016 నుంచి ముంబైలోనూ, 2022 నవంబరు నుంచి హైదరాబాదులోనూ సర్వర్లు ఉండే డేటా కేంద్రాలున్నాయి. గూగుల్ క్లౌడ్ ముంబైలో, ఢిల్లీలో ఉంది. మైక్రోసాఫ్ట్ అజూర్ పుణె, చెన్నై, ముంబైలలో, డిజిటల్ ఓషన్ బెంగళూరులో ఉన్నాయి. జాతీయ రహదారి 44 మీద కర్నూలు నుంచి చూస్తే హైదరాబాదు, అనంతపురం నుంచి చూస్తే బెంగళూరు దగ్గర. అయితే డేటా రహదారి వెంట ప్రయాణించదు. మీ మొబైల్ సంస్థ డేటాను మొదట ఏ నగరంలోని తన కేంద్రానికి తీసుకువెళ్తుందో, అక్కడ హోస్టింగ్ సంస్థతో ఎలా కలుస్తుందో దానిని బట్టి అనంతపురం ఫోనుకు ముంబై సర్వర్ బెంగళూరు సర్వర్‌తో సమానంగా పలకవచ్చు. భారతదేశంలోని ఈ నగరాల మధ్య తేడా కొన్ని పదుల మిల్లీసెకన్లే కాబట్టి దానికోసం ఎక్కువ ధర చెల్లించనవసరం లేదు.

అమెరికాలోని సర్వర్ సంగతి వేరు. అక్కడికి వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఒక పేజీ తెరుచుకునే ముందు పేరు విచారణ, సర్వర్‌తో అనుసంధానం, భద్రతా ధ్రువీకరణ అని ఫోను చాలాసార్లు మాటలు ఇచ్చిపుచ్చుకోవాలి, ప్రతిసారీ ఆ ఆలస్యం కలుస్తుంది. చవకగా దొరికే షేర్డ్ ప్లాన్లలో చాలావాటికి కొనేటప్పుడే కేంద్రాన్ని ఎంచుకునే అవకాశం ఉంటుంది, కానీ ముందుగా ఎంపికై ఉన్నది మరొక దేశం కావచ్చు. ఆ ఒక్క గడిని చూడకుండా డబ్బు కట్టకండి. తరువాత మార్చాలంటే వెబ్‌సైటునంతా తరలించవలసి ఉంటుంది.

అమెరికాలోని మన ప్రాంతంవారు కూడా చూస్తారనుకుంటే సర్వర్‌ను భారతదేశంలోనే ఉంచి, దాని ముందు క్లౌడ్‌ఫ్లేర్ వంటి సీడీఎన్ (ఫైళ్ల ప్రతులను అనేక నగరాలలో దాచి అందించే సేవ) పెట్టండి. చిత్రాలు, ఫాంట్లు వారికి దగ్గరి నగరం నుంచి అందుతాయి. క్లౌడ్‌ఫ్లేర్ సాధారణ అమరికలో అసలు పేజీని దాచదు, చిత్రాల వంటి ఫైళ్లనే దాచుతుంది. పేజీని కూడా దాచాలంటే విడిగా నియమం రాయాలి.

ఆరవ అడుగు: ప్లాన్ వివరాలను వరుసగా ప్రశ్నించండి

ప్రకటనలోని అపరిమితం అన్న పదాన్ని పక్కన పెట్టి, చాట్‌లో గాని ఈమెయిల్‌లో గాని ఈ ప్రశ్నలు అడగండి, సమాధానాన్ని రాతపూర్వకంగా దాచుకోండి. ఏకకాలంలో ఎన్ని పీహెచ్‌పీ వర్కర్లు నడుస్తాయి? పరిమితి దాటితే వెబ్‌సైటు నెమ్మదిస్తుందా, ఆగిపోతుందా, అదనపు బిల్లు వస్తుందా? పై ప్లాన్‌కు మారడానికి ఎంతసేపు పడుతుంది, అప్పుడు వెబ్‌సైటు చిరునామా మారుతుందా? బ్యాకప్ ఎంత తరచుగా తీస్తారు, దానిని తిరిగి పెట్టడానికి రుసుము ఉందా? మన సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు మనిషి అందుబాటులో ఉంటాడా? మొదటి ప్రశ్నకు అంకె చెప్పలేని సంస్థను వదిలేయండి. ఆ అంకె తెలియకుండా మీరు మూడవ అడుగులో వేసిన లెక్కకు విలువే లేదు.

99.9 శాతం అందుబాటు అన్న హామీని కూడా లెక్కగా మార్చి చూడాలి. ముప్పై రోజులలో 0.1 శాతం అంటే 43 నిమిషాలు. ఆ 43 నిమిషాలు మీ ప్రారంభోపన్యాస సమయంలోనే వచ్చినా హామీ తప్పినట్టు కాదు. తప్పినా సాధారణంగా తిరిగి ఇచ్చేది హోస్టింగ్ రుసుములో కొంత భాగమే. విదేశీ సంస్థ నిర్వహణ పనులను తన అర్ధరాత్రి పెట్టుకుంటుంది. వేసవిలో న్యూయార్కు అర్ధరాత్రి మనకు ఉదయం తొమ్మిదిన్నర. పగటిపూట సదస్సు పెట్టేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

ధర విషయంలో పెద్ద అక్షరాలలో కనిపించే నెలవారీ మొత్తం తరచుగా మూడు, నాలుగేళ్లకు ఒకేసారి కడితే వచ్చేది. సదస్సుకు కావలసింది తయారీకి ఒక నెల, ప్రచారానికి ఒక నెల, సదస్సు తరువాత ఒక నెల. మూడు నెలలకు నెలనెలా కట్టే ధర ఎంతో, దానిపై 18 శాతం జీఎస్టీతో మొత్తం ఎంతో రాసుకుని, ఆ మొత్తాలనే పోల్చండి. పునరుద్ధరణ ధర తొలి ధర కంటే చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఏటా జరిపేవారు దానిని కూడా చూడాలి.

విదేశీ సంస్థకు కార్డు నమోదు చేసి, గడువు వచ్చినప్పుడు దానంతటదే చెల్లింపు జరుగుతుందని నమ్మి ఊరుకోకండి. కార్డుల నుంచి పదేపదే జరిగే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు నియమాలు 2021 అక్టోబరు నుంచి కఠినమయ్యాయి. ముందస్తుగా అనుమతి నమోదై ఉండాలి, పెద్ద మొత్తానికి ఓటీపీ కూడా కావాలి. ఆ ఏర్పాటు లేని సంస్థల దగ్గర చెల్లింపు మౌనంగా ఆగిపోతుంది. సదస్సు తేదీలు గడిచేవరకు సరిపడే మొత్తాన్ని ముందే, మీ చేతితో కట్టివేయండి.

ఏడవ అడుగు: డొమైన్, ఈమెయిల్

డొమైన్‌ను హోస్టింగ్ సంస్థ దగ్గర ఉచితంగా తీసుకోవడం కంటే వేరే చోట సంస్థ పేరు మీద కొనుక్కోవడం మంచిది. హోస్టింగ్ మారవలసి వచ్చినప్పుడు డొమైన్ మీ చేతిలో ఉంటే గంటలో పని అవుతుంది. వెబ్‌సైటు తయారుచేసే యువకుడి సొంత ఈమెయిల్ మీద నమోదు చేయించడం మన ఊళ్లలో మామూలే గాని, అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక ఆ డొమైన్‌ను తిరిగి పొందడం కష్టమవుతుంది. కళాశాల ఉపడొమైన్ వాడుకోవాలంటే దాని నిర్వాహకుడు డొమైన్ అమరికలలో ఒక వరుసను చేర్చవలసి ఉంటుంది, ఆ అనుమతికి పట్టే రోజులను ముందే లెక్కలో వేసుకోండి.

ఈమెయిళ్లను హోస్టింగ్ సర్వర్ నుంచి పంపవద్దు. వాటికి గంటకు ఇన్నే అన్న పరిమితి ఉంటుంది, పైగా ఒకే సర్వర్ చిరునామాను పంచుకునే ఇతరుల తప్పులకు మీ ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవారి ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. రోజుకు ఐదు వేలకు మించి పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ (ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే అమరికలు) మూడూ ఉండాలి. తక్కువ పంపినా మూడింటినీ పెట్టుకోండి. నమోదు ఫారంలో పేరు, ఫోను, ఊరు అడిగితే చాలు. ఆధార్ సంఖ్య వంటివి సేకరించి నిలవ ఉంచడం 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా కూడా అనవసరమైన బరువు.

ఎనిమిదవ అడుగు: తెలుగు పేజీకి ప్రత్యేకంగా చూడవలసినవి

డేటాబేసు యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4, అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతి) అమరికలో ఉందో లేదో చూడండి, లేకపోతే నమోదైన పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపించే ప్రమాదం ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి గనుక సర్వర్‌లో గ్జిప్ లేదా బ్రోట్లి కుదింపు తప్పనిసరిగా పనిచేయాలి. పేజీ చిరునామాలో తెలుగు వాడితే పంచుకునేటప్పుడు ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారి లింకు మూరెడు పొడవవుతుంది, వాట్సాప్‌లో చూసినవారు అనుమానిస్తారు. శీర్షిక తెలుగులో ఉంచి, చిరునామాను పొట్టి ఇంగ్లిషు పదాలతో పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. వ్యాసభాగానికి వేరే ఫాంటు దింపనవసరం లేదు.

ముఖపుట బరువు 2 ఎంబీ ఉంటే సెకనుకు 2 మెగాబిట్లు అందే ఫోనులో అది తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. వక్తల ఫోటోలను కుదించి 300 కేబీకి తెస్తే ఒక సెకను కంటే కాస్త ఎక్కువ సమయమే పడుతుంది. ఖరీదైన హోస్టింగ్ ఇవ్వలేని వేగాన్ని ఈ ఒక్క పని ఇస్తుంది.

తొమ్మిదవ అడుగు: కొనే ముందూ, కొన్న తరువాతా పరీక్షించండి

నెలవారీ ప్లాన్‌గానో, డబ్బు వాపసు గడువుతోనో తీసుకుని, ముందుగా వెబ్‌సైటు నమూనాను అందులో పెట్టండి. పట్టణంలోని ఫైబర్ లైను మీద కాకుండా, ఉరవకొండ పక్క పల్లెలో ఉన్న బంధువుకు లింకు పంపి, మామూలు 4జీ ఫోనులో సాయంత్రం ఏడున్నరకు తెరవమనండి. టవరు మీద భారం ఎక్కువగా ఉండేది అప్పుడే, మీ సదస్సు సమయమూ అదే.

తరువాత కే6 లేదా జేమీటర్ వంటి పరికరంతో కృత్రిమ రద్దీని సృష్టించి చూడండి. ముందుగా హోస్టింగ్ సంస్థ అనుమతి తీసుకోవాలి, లేకపోతే వారు దానిని దాడిగా భావించి ఖాతాను నిలిపివేయవచ్చు. ముఖపుట ఒక్కదాన్నే పరీక్షిస్తే క్యాషింగ్ వల్ల ఫలితం అందంగా కనిపిస్తుంది. లాగిన్ అయి ప్రసంగం పేజీ తెరిచే దారినే పరీక్షించాలి. సెకనుకు కావలసిన సంఖ్యకు ఒకటిన్నర రెట్లు పంపి, సమాధాన సమయం రెండు సెకన్లు దాటకపోతే ఆ ప్లాన్‌ను నమ్మవచ్చు. దాటితే మొదట అనవసరమైన ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా చేర్చిన చిన్న ప్రోగ్రాంలు) తీసివేసి మళ్లీ చూడండి, ఆ తరువాతే పెద్ద ప్లాన్ గురించి ఆలోచించండి. చెల్లింపు గేట్‌వే నుంచి రుసుము అందిందన్న సమాచారం మీ సర్వర్‌కు చేరి, పేజీ తెరుచుకుంటున్నదో లేదో ఒక రూపాయితో నిజంగా కట్టి చూడండి.

పదవ అడుగు: సదస్సు వారం, ఆ తరువాత

వారం ముందు డొమైన్ అమరికలలో టీటీఎల్‌ను (పాత సర్వర్ చిరునామాను ఇతరులు గుర్తుంచుకునే గడువును) 300 సెకన్లకు తగ్గించండి. సర్వర్ మార్చవలసిన అవసరం పడితే కొత్త చిరునామా నిమిషాలలో అందరికీ చేరుతుంది. రెండు రోజుల ముందు నుంచి ప్లగిన్ నవీకరణలు ఆపేసి, పూర్తి బ్యాకప్‌ను మీ కంప్యూటర్‌లోకి కూడా దించుకోండి. సదస్సు వివరాలు, ప్రసారం లింకుతో ఒకే ఒక స్థిరమైన పేజీని వేరే ఉచిత సేవలో సిద్ధంగా ఉంచండి. అసలు వెబ్‌సైటుకు ఏమైనా జరిగితే ఆ లింకునే వాట్సాప్‌లో పంపవచ్చు. సందేశాలను అన్ని బృందాలకూ ఏడింటికే పంపకుండా, కళ్యాణదుర్గం వారికి ఆరున్నరకు, రాయదుర్గం వారికి ఆరుంబావుకు అన్నట్టు విడివిడిగా పంపితే మూడవ అడుగులోని లెక్క సగానికి తగ్గుతుంది, దానికి రూపాయి ఖర్చు లేదు.

సదస్సు ముగిశాక వీడియోలు చూసే గడువు పూర్తయ్యేవరకు చిన్న పరిమాణానికి దిగండి. గడువు తీరాక లాగిన్‌ను తొలగించి, పేజీలను స్థిరమైన ఫైళ్లుగా మార్చి ఉచిత సేవలోకి తరలించి, అవసరం తీరిన ఫోను నంబర్ల జాబితాను చెరిపివేసి, పాత సర్వర్‌ను రద్దు చేయండి. రద్దు చేయకుండా ఆపి ఉంచిన వీపీఎస్‌కు చాలా సంస్థలు బిల్లు వేస్తూనే ఉంటాయి. డొమైన్‌ను మాత్రం కనీసం మరో రెండేళ్లు పునరుద్ధరించండి. గడువు తీరిన డొమైన్లను ఇతరులు కొని జూద ప్రకటనలు పెడుతుంటారు, రైతుల వాట్సాప్ బృందాలలో మీరు పంపిన పాత లింకులు అప్పటికీ తెరుచుకుంటూనే ఉంటాయి.